"కోపం ఎక్కువే గానీ మనసు వెన్న" అనే ముందు చూడాల్సినవి

మన ఇళ్లల్లో ఎవరి మీదైనా ఫిర్యాదు చెప్పగానే వచ్చే మొదటి జవాబు దాదాపు ఒకటే. "వాడికి కోపం ఎక్కువమ్మా, మనసు మాత్రం వెన్న." అల్లుడి గురించైనా, ఆడపడుచు గురించైనా, ఆఫీసులో బాస్ గురించైనా ఇదే మాట. చాలాసార్లు ఇది నిజమే కూడా. నోరు జారి, గంట తర్వాత మొహం చిన్నబుచ్చుకుని వచ్చి "టీ తాగావా" అని అడిగే మనుషులు మన చుట్టూ బోలెడు మంది ఉన్నారు, వాళ్లతో వేగడం కష్టమే గానీ ప్రమాదం కాదు. చిక్కల్లా ఆ మాటని అందరికీ ఒకేలా వాడేయడంతోనే వస్తుంది. కోపం నిజంగా అదుపులో లేని మనిషి వేరు, కోపాన్ని ఎక్కడ చూపించాలో, ఎక్కడ మింగాలో బాగా తెలిసిన మనిషి వేరు. ఆ తేడా పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, ఆ కోపం ఎవరి మీద వస్తోందో చూస్తే చాలు. మేనేజర్ ముందు రాదు. ట్రాఫిక్ పోలీసు ముందు రాదు. మామగారి ముందు "మీరెలా అంటే అలాగేనండీ". ఇంటికొచ్చి తలుపు వేయగానే మాత్రం కంచం ఎగురుతుంది, మధ్యలో ఎవరైనా కాలింగ్ బెల్ కొడితే అదే గొంతుతో "రండి బాబాయ్, ఎన్నాళ్లకి కనిపించారు" అని నవ్వుతూ అనగలుగుతాడు. అంత చప్పున ఆపగలిగిన కోపాన్ని అదుపు తప్పిన కోపం అనలేం. ఎవరి మీద చూపిస్తే తనకేమీ కాదో చూసుకుని చూపించిన కోపం అది.

ఇక్కడ "వాడు" అన్నా ఇది మగవాళ్ల సంగతి మాత్రమే కాదు. కొడుక్కి కోడలి మీద రోజూ కొంచెం కొంచెంగా ఎక్కించే అత్త, ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గర విప్పి ఇద్దరినీ గుప్పిట్లో పెట్టుకునే స్నేహితురాలు, భర్త తన తల్లితో ఎంతసేపు ఫోన్లో మాట్లాడాలో కూడా తనే తేల్చే భార్య, అందరూ ఇందులోకి వస్తారు. శరీరానికి తగిలే దెబ్బలు, డబ్బు మీద పట్టు విషయంలో ఆడవాళ్లే ఎక్కువ నలుగుతున్నారు, అది దాచాల్సిన పని లేదు. గుణం మాత్రం ఆడా మగా చూసుకుని రాదు.

రీల్స్ వచ్చాక నార్సిసిస్ట్, టాక్సిక్, సైకో అనే మాటలు కాలేజీ పిల్లల నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా అందరి నోటా వినిపిస్తున్నాయి. ఒకందుకు మంచిదే, తమకి జరుగుతున్నది ఏమిటో చెప్పుకోవడానికి మాటే దొరక్క ఏళ్ల తరబడి నలిగినవాళ్లకి అది కొంత ఊపిరి. కానీ రోగం పేరు తగిలించడం దగ్గరే ఆగిపోతే లాభం కంటే నష్టమే ఎక్కువ. మానసిక వైద్యులు రోగాలు నిర్ధారించడానికి అనుసరించే డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ (తనే గొప్ప అనే భావం, ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం ముదిరిన స్థితి) అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, అవీ ఒకరి దగ్గరో ఒకసారో కాదు, పెద్దవుతున్న వయసు నుంచీ రకరకాల సందర్భాల్లో అదే తీరు కనిపించాలి. కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్ తయారుచేసిన సైకోపతీ చెక్‌లిస్టులో 20 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే సైకోపతీ అంటారు, ఆ మార్కులు వేయడానికి శిక్షణ ఉన్నవాళ్లు ఆ మనిషితో సుదీర్ఘంగా మాట్లాడి, పాత రికార్డులు కూడా తిరగేయాలి. అంటే వంటింట్లో కూర్చుని తేల్చే పని కాదు. తేల్చాల్సిన అవసరం కూడా లేదు.

ఎందుకంటే రోజూ మనల్ని నలిపేసేవాళ్లలో చాలామందికి ఏ రోగమూ ఉండకపోవచ్చు. 2002లో డెల్రాయ్ పౌల్హస్, కెవిన్ విలియమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు "డార్క్ ట్రయాడ్" అని ఒక వివరణ ఇచ్చారు. తనంతటివాడు లేడనే భావం, మనుషుల్ని పావుల్లా కదిపే జిత్తులమారితనం, తప్పు చేశానన్న బాధ లేని మొద్దుబారినతనం, ఈ మూడూ ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని స్కూల్లో దింపుతూ, పండక్కి స్వీట్లు పంచుతూ మామూలుగా తిరిగే మనుషుల్లో కూడా ఎక్కువ తక్కువలుగా ఉంటాయన్నది అందులో సారం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఇతనికి ఏ డిజార్డర్ ఉంది" అని కాదు. మనం బాధపడ్డామని చెప్పినప్పుడు ఏం చేస్తున్నాడు, కాదు అని చెప్పినప్పుడు ఏం చేస్తున్నాడు, ఈ రెండు చోట్లా మళ్లీ మళ్లీ ఏం జరుగుతోందో చూస్తే చాలా మటుకు తెలిసిపోతుంది.

ఎంపతీ లేనివాళ్లకి ఎదుటివాళ్ల మనసు అర్థం కాదని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు, మోసపోయేది కూడా ఇక్కడే. ఎంపతీలో రెండు భాగాలున్నాయి. ఎదుటి మనిషి మనసులో ఏముందో పసిగట్టడం ఒకటి, ఆ బాధ మనకీ తగలడం ఇంకొకటి. మొదటిది బాగా ఉండి రెండోది లేకపోతే ఆ మనిషికి మీ బలహీనత ఎక్కడుందో మీకంటే ముందే తెలుస్తుంది, అక్కడ గుచ్చితే మీకు ఎంత నొప్పి పుడుతుందో కూడా తెలుస్తుంది, గుచ్చడానికి అడ్డుపడేదే ఉండదు. పరిచయమైన కొత్తలో "నన్ను ఇంతలా అర్థం చేసుకున్నవాళ్లు లేరు" అనిపించడానికి కారణం అదే. ఆటిజం ఉన్న చాలామందిలో ఈ లెక్క తిరగబడి ఉంటుంది. ఎదుటివాళ్ల మొహం చూసి విషయం గ్రహించడం వాళ్లకి కష్టం కావచ్చు, కానీ "నువ్వన్న మాటకి నాకు బాధేసింది" అని విడమరిచి చెప్తే నిజంగా కలవరపడతారు. మాటకారితనం లేనివాళ్లని, ముభావంగా ఉండేవాళ్లని, ఫంక్షన్లలో ఓ మూల కూర్చునేవాళ్లని మనసు లేనివాళ్లుగా జమకట్టి, నలుగురిలో నవ్వుతూ కలిసిపోయేవాడిని మంచివాడనుకోవడం మనవాళ్లు తరచూ చేసే అన్యాయం.

బాధ చెప్పినప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. బంధువుల ఇంట్లో గృహప్రవేశం, భోజనాల దగ్గర భర్త అందరూ వినేలా "మా ఆవిడ ఉద్యోగం పేరుకే, ఆ జీతం ఆటో ఛార్జీలకి కూడా చాలదు" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు రాత్రి ఆమె ధైర్యం చేసి ఎత్తింది.

"నిన్న అందరి ముందు అలా అన్నారు కదా, నాకు చాలా బాధేసింది."

"ఏమన్నాను?"

"నా జీతం ఆటో ఛార్జీలకే చాలదని."

"నేనలా అనలేదు. అన్నా సరదాకి అని ఉంటాను. అందరూ నవ్వారు, నీ ఒక్కదానికే ఏమొచ్చింది?"

"నాకు సరదాగా అనిపించలేదండీ."

"నీతో వచ్చిన తంటానే ఇది. ఏం మాట్లాడినా తప్పే. అసలు మా పెద్దమ్మతో మొహం ముడుచుకుని మాట్లాడింది నువ్వు. నా పరువు పోయింది. నేనేమైనా అన్నానా? రాత్రంతా నిద్ర లేదు నాకు. పొద్దున బీపీ టాబ్లెట్ కూడా వేసుకోలేదు."

"అయ్యో, సారీ అండీ. నేను అలా ఏం అనుకోలేదు. ముందు టాబ్లెట్ వేసుకోండి."

ఇందులో ఒక్క బూతు మాట లేదు, చెయ్యి లేవలేదు. పక్కగదిలో ఉన్నవాళ్లకి ఇది మామూలు మొగుడూ పెళ్లాల మాటల్లాగే వినిపిస్తుంది. కానీ ఫిర్యాదు తెచ్చిన మనిషే చివరికి సారీ చెప్పి వెళ్లిపోయింది, అసలు విషయం ఎక్కడో కొట్టుకుపోయింది. అనలేదన్నాడు, వెంటనే సరదాకి అన్నానన్నాడు, రెండూ ఒకేసారి నిజం కావు, కానీ ఆ వేగంలో ఎవరూ పట్టుకోలేరు. ఆ తర్వాత తప్పు ఆమె మీదికి తిరిగింది, ఆ తర్వాత బాధితుడు తనే అయ్యాడు. అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సైకాలజిస్టు జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1997లో ఈ వరసకి డార్వో అని పేరు పెట్టారు. కాదనడం, ఎదురుదాడి చేయడం, బాధితుల స్థానంలోకి తను వచ్చి కూర్చోవడం. ఒకసారి ఇలా జరిగితే ఏదో చిరాకులో ఉన్నాడనుకోవచ్చు. ఏ బాధ చెప్పుకున్నా ప్రతిసారీ చివరికి మీరే సారీ చెప్పి లేస్తున్నారంటే అది చిరాకు కాదు. కొన్నాళ్లకి చెప్పడమే మానేస్తారు, పైగా "నాకే ఎక్కువ సెన్సిటివ్‌నెస్ ఏమో, నాకే సరిగ్గా గుర్తులేదేమో" అనే అనుమానం లోపల గూడు కట్టుకుంటుంది.

పొరపాటున నోరు జారిన మనిషి కూడా మొదట కస్సుమనొచ్చు, సారీ అనే మాట నోటికి రాకపోవచ్చు, మన మగవాళ్లలో చాలామందికి అది రాదు. కానీ వచ్చే ఫంక్షన్‌లో ఆ జోకు వేయడు. సారీకి అర్థం అక్కడ కనిపించాలి. పూలగుత్తితో, స్టేటస్‌లో పెట్టిన జంట ఫోటోతో, ఏడుపుతో వచ్చిన సారీ వారం తర్వాత అదే మాట మళ్లీ అంటే లెక్కలోకి రాదు.

ఇక "కాదు" అని చెప్పడం. దీనికి పెద్ద విషయమేదీ అక్కర్లేదు, చిన్నదాంతోనే తెలుస్తుంది. "ఈ ఆదివారం నేను రాలేను." మామూలు మనిషి నిరుత్సాహపడతాడు, కాస్త గొణుగుతాడు, అయిపోతుంది. రెండో రకం మనిషికి కారణం కావాలి, చెప్పిన కారణం చాలదు, ఇంకో కారణం చెప్తే దాన్ని కూడా కొట్టిపారేస్తాడు, చివరికి "నీకోసం నేను ఎన్ని చేశాను" అనే చిట్టా బయటికొస్తుంది, అప్పటికీ లొంగకపోతే మాటలు ఆగిపోతాయి. ఇక్కడ మన అలకకీ దీనికీ తేడా చూడాలి. అలిగినవాళ్లకి ఏం కావాలో ఇంట్లో అందరికీ తెలుసు, బతిమాలితే దిగుతారు, అన్నం టైముకి ఎవరో ఒకరు పిలిస్తే వచ్చి కూర్చుంటారు. శిక్షగా వాడే మౌనం అలా ఉండదు. ఎందుకు మాట్లాడటం లేదో చెప్పరు, ఎన్నాళ్లో తెలియదు, పిల్లలతోనూ పనిమనిషితోనూ నవ్వుతూ మాట్లాడతారు, మీరు గదిలోకి రాగానే మొహం మారిపోతుంది. మీరే తప్పు వెతుక్కుని, చేయని తప్పుకి కూడా క్షమాపణ చెప్పేదాకా అది సాగుతుంది. తర్వాతిసారి కాదు అనాలంటేనే గుండె దడ. ఇంటికొచ్చే బైకు శబ్దం విని ఇవాళ మూడ్ ఎలా ఉందో అంచనా వేసే స్థితికి మనిషి వచ్చేశాడంటే, ఆ ఇంట్లో దెబ్బ పడకపోయినా భయం పాతుకుపోయినట్టే.

"మరి అంత కష్టంగా ఉంటే వదిలేయొచ్చు కదా" అని బయటివాళ్లు సులువుగా అంటారు. వదలలేకపోవడం తెలివితక్కువతనం కాదు. అమెరికా సైకాలజిస్టు బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి బయటపడింది. పొడిచిన ప్రతిసారీ గింజ దొరకడానికి అలవాటుపడ్డ పావురం, గింజలు ఆగిపోతే త్వరగా మానేస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ మాత్రమే గింజ దొరికిన పావురం మాత్రం, పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. మనుషుల బంధాల్లో ఇదే సంగతిని కెనడాలో డొనాల్డ్ డట్టన్, సూసన్ పెయింటర్ 1981లో వివరించారు. ఒకరి చేతిలో పెత్తనం, ఇంకొకరు వాళ్ల మీద ఆధారపడి ఉండటం, మధ్యమధ్యలో దయ, మధ్యమధ్యలో దెబ్బ, ఇవి కలిస్తే బంధం బలహీనపడకపోగా మరింత బిగుసుకుంటుందని వాళ్లు చెప్పారు. పది రోజులు నరకం చూపించి పదకొండో రోజు తిరుపతి తీసుకెళ్లి, దారిలో అడక్కుండానే ఇష్టమైన టిఫిన్ తెచ్చిపెడితే "ఒక్కోసారి ఎంత బాగుంటాడో" అనిపిస్తుంది, ఆ ఒక్కోసారి కోసమే మిగతా రోజులన్నీ గడిచిపోతాయి. మనసు వెన్న అనే మాటకి సాక్ష్యంగా ఇంట్లోవాళ్లు చూపించేది కూడా ఆ పదకొండో రోజునే.

డబ్బు, రాకపోకలు చాలా నెమ్మదిగా చేతులు మారతాయి కాబట్టి వాటిని గమనించడం మరీ కష్టం. పెళ్లైన కొత్తలో "నీకెందుకు టెన్షన్, బ్యాంకు పనులన్నీ నేను చూసుకుంటా" అంటే ప్రేమగానే ఉంటుంది. కొన్నాళ్లకి ఏటీఎం కార్డు అతని పర్సులోకి, ఓటీపీ వచ్చే నంబరు అతని ఫోన్‌కి మారతాయి. ఇంకొన్నాళ్లకి వంద రూపాయలకి లెక్క చెప్పాలి. పుట్టింటికి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాలి. ఫలానా స్నేహితురాలు మంచిది కాదు, ఫలానా పిన్ని మనింటి మీద ఏడుస్తుంది, అలా ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి అతను చెప్పిందే ప్రపంచం అవుతుంది. అమెరికాకి హెచ్-4 వీసా (అక్కడ ఉద్యోగం చేసే భర్త మీద ఆధారపడినవాళ్లకి ఇచ్చేది) మీద వెళ్లిన మన అమ్మాయిల్లో కొందరికి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది, చాలామందికి సొంతంగా పనిచేసే అనుమతి ఉండదు, డ్రైవింగ్ రాదు, పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియదు, చుట్టూ తెలుగువాళ్లే ఉన్నా అందరూ అతని స్నేహితులే. మన దేశంలో 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస నిరోధక చట్టం, 2005 కొట్టడాన్ని మాత్రమే హింస అనలేదు. అవమానించడం, బెదిరించడం, ఖర్చులకి డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనం అట్టే పెట్టుకోవడం కూడా అందులో ఉన్నాయి. ఒంటి మీద దెబ్బ చూపిస్తేనే కేసు అనుకుని ఆగిపోయినవాళ్లకి ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

ఆఫీసుల్లో, స్నేహాల్లో ఇదే తీరు పలచగా ఉంటుంది. మీ పని తన పేరుతో చూపించి, మీరు అడిగితే "టీమ్ అన్నాక నీది నాది ఏంటి" అనే లీడ్, చేబదులు తీసుకుని, తిరిగి అడిగిన రోజున "డబ్బు మనిషివైపోయావు" అని గ్రూపులో అందరికీ చెప్పే ఫ్రెండ్. ఇక్కడ లేచి వెళ్లిపోయే దారి ఉంటుంది కాబట్టి నష్టం కొంత తక్కువ.

కన్నవాళ్లు, తోబుట్టువుల దగ్గరికి వచ్చేసరికి విషయం మళ్లీ బరువెక్కుతుంది. "నీకోసం నా జీవితం ధారపోశాను" అనే తల్లి మాటలో నిజం ఉండొచ్చు, ఆ నిజాన్నే పిల్లల ప్రతి నిర్ణయానికీ అడ్డంగా పెడితే అది వేరే సంగతి. తిరగబడి పిల్లలే పెద్దవాళ్లని ఆడించడం కూడా తక్కువేమీ కాదు. ఆరు నెలలు అమ్మా అమ్మా అంటూ చుట్టూ తిరిగి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గిఫ్ట్ డీడ్ మీద వేలిముద్ర పడ్డాక ఫోన్ ఎత్తని కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లో 23వ సెక్షన్ ఇందుకే ఉంది, చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూసుకోకపోతే ఆ రాతని రద్దు చేయించవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం మేలు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ నంబరు 14567.

ఒక్క సంఘటన పట్టుకుని మనిషి మీద ముద్ర వేయకూడదన్నది మాత్రం మర్చిపోకూడదు. నిద్రలేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు, కొత్తగా తల్లైనవాళ్లు కొంతకాలం తమ నొప్పి తప్ప వేరే ఏదీ చూడలేని స్థితిలో ఉండొచ్చు. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వం గురించి చెబుతూ, కాపురం మొత్తాన్ని కలిపి చూడాలనీ, ఏళ్లలో ఎప్పుడో జరిగిన ఒకటి రెండు సంఘటనలు క్రూరత్వం కావనీ, చెడు ప్రవర్తన చాలాకాలం ఎడతెగకుండా సాగాలనీ అంది. ఆ కేసులో విడాకులు కోరింది భర్త. కోర్టు గదిలోనే కాదు, ఇంట్లో కూర్చుని మనకి మనం తేల్చుకోవడానికి కూడా ఇది సరైన కొలత. ఇంకో చిక్కుముడి ఏమిటంటే ఏళ్ల తరబడి గిచ్చించుకున్న మనిషి ఒకరోజు అరిచి గోల చేస్తే, ఆ ఒక్క రోజునే ఫోన్‌లో రికార్డు చేసి "చూడండి, అసలు ఎవరు టాక్సిక్" అని బంధువులకి పంపేవాళ్లు ఉన్నారు. ఆ ముందు రోజుల్లో ఏం జరిగిందో అడక్కుండా ఆ వీడియో చూసి తీర్పు చెప్పేయడం దారుణం.

కాబట్టి తేదీ వేసి రాసుకోవడం మంచి పని. ఏం జరిగింది, తను ఏమన్నాడు, చివరికి సారీ ఎవరు చెప్పారు, అంతే, రెండు లైన్లు చాలు, అవతలివాళ్ల చేతికి చిక్కని చోట. జ్ఞాపకం మీదే అనుమానం పుట్టించే మనిషి దగ్గర బతుకుతున్నప్పుడు ఆ కాగితమే కాళ్ల కింద నేల. కొన్ని నెలల తర్వాత చదివితే అది చెదురుమదురు గొడవో, ఒకే తీరులో సాగుతున్నదో మీకే కనిపిస్తుంది. ఇంకోటి, అర్థమయ్యేలా చెప్తే మారతాడేమో అని గంటలు గంటలు వివరించడం ఆపేయాలి. అర్థం కాక కాదు చేస్తున్నది, మీరిచ్చే ప్రతి వివరణా రేపటి వాదనకి పనికొస్తుంది. "నేను రాలేను" అంటే రాలేను, అక్కడ ఆపేయడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది గానీ అలవాటవుతుంది. సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్, పాస్‌పోర్టు కాపీలు నమ్మకమైన మనిషి దగ్గర ఉంచుకోవాలి, వెళ్లిపోతానని కోపంలో ముందే ప్రకటించకూడదు, తన పట్టు జారిపోతోందని అవతలి మనిషికి అనిపించిన ఆ సమయమే చాలా ప్రమాదకరం. మనసు కుదురుగా లేకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు, అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఇక పెద్దలు. మన దగ్గర ఇలాంటివి బయటపడగానే "ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం" అంటారు. భయం లేని ఇంట్లో అది పనిచేస్తుంది, చాలా కాపురాలు అలా నిలబడ్డాయి కూడా. భయం ఉన్న ఇంట్లో అదే పెద్ద దెబ్బ. నలుగురి ముందు చక్కగా మాట్లాడటం అతనికి వెన్నతో పెట్టిన విద్య, ఆమెకి నోరు పెగలదు, పెగిలితే ఏడుపొస్తుంది, చూసేవాళ్లకి అతను స్థిమితంగా, ఆమె పిచ్చిదానిలా కనిపిస్తారు. చివరికి "సర్దుకుపోమ్మా" అని పంపేస్తారు. నిజంగా సాయం చేయాలనుకునే పెద్దలు ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి. ఆమెని ఒంటరిగా కూర్చోబెట్టి "ఏ విషయంలో కాదు అనగలుగుతున్నావు, అంటే ఏం జరుగుతోంది, డబ్బు ఎవరి చేతిలో ఉంది, మాతో ఫోన్లో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరుంటారు" అని అడగాలి. ఆమె చెప్పింది ఆమె ఒప్పుకోకుండా అతని చెవిన వేయకూడదు, ఎందుకంటే మాట్లాడటం అయ్యాక మళ్లీ ఆ ఇంటికే వెళ్లాల్సింది ఆమె. భయం ఉందని తేలితే రాజీ మాటలు పక్కన పెట్టి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి గానీ జిల్లాలో ఉన్న సఖి కేంద్రానికి తోడు వెళ్లి గానీ వైద్యం, పోలీసు, లాయర్ సాయం, తలదాచుకునే చోటు అక్కడి నుంచే మొదలుపెట్టించవచ్చు.